బెకీ షార్ప్ ఎక్కిన నిచ్చెన

ఇవాళ మీకు ఒక పాత హాలీవుడ్ సినిమా గురించి చెబుతాను. దాని పేరు ‘బెకీ షార్ప్’. 1935లో వచ్చింది. నిడివి 84 నిమిషాలు. మన సినిమాల లెక్కలో ఇంటర్వెల్ దాకా పట్టే సేపన్నమాట. ఇంత పాత సినిమా, అందులోనూ రెండువందల ఏళ్ళ కిందటి ఇంగ్లండు కథ మనకెందుకమ్మా అంటారేమో, కాస్త ఓపిక పట్టండి. ఆస్తీ అండా లేని ఒక ఆడపిల్ల, తన తెలివినీ మాటకారితనాన్నీ పెట్టుబడిగా పెట్టి, పై అంతస్తుకి ఎగబాకిన కథ ఇది. ఇలాంటి కథలు మనం చాలా విన్నాం. చెప్పేవాళ్ళు చివరికి ఆ ఆడదాన్ని తిట్టిపోస్తారు, లేకపోతే ఎంత గడుసుదో అని ముక్కున వేలేసుకుంటారు. ఈ కథలో మాత్రం ఇంకో ప్రశ్న ఉంది. ఆవిడ దర్జాకి అయిన ఖర్చు ఎవరి చేతి చమురు? నెల నెలా ఇంటి పద్దు రాసుకునేవాళ్ళం గనక ఈ ప్రశ్న మనకి చప్పున అర్థమవుతుంది.

ముందు సినిమా సంగతి చెప్పి తరవాత కథలోకి వస్తాను.

సినిమా చరిత్రలో ‘బెకీ షార్ప్’ పేరు నిలిచిపోవడానికి కారణం రంగులు. అంతకు ముందు రంగుల సినిమాలు లేవని కాదు. ఉన్నాయి. కాని అప్పటి టెక్నికలర్ పద్ధతిలో ఎరుపు, ఆకుపచ్చ, ఈ రెండింటితోనే బొమ్మంతా సరిపెట్టుకోవాలి. అంచేత అసలైన నీలం పడేది కాదు. ఆకాశం ఆకాశంలా ఉండేది కాదు. 1932లో మూడు రంగుల పద్ధతి వచ్చింది. మొదట డిస్నీవాళ్ళు ‘ఫ్లవర్స్ అండ్ ట్రీస్’ అనే చిన్న బొమ్మల సినిమాకి దాన్ని వాడారు. 1934లో ‘లా కుకరాచా’ అనే రెండు రీళ్ళ చిన్న చిత్రం తీశారు. నటీనటులతో పూర్తి నిడివి కథాచిత్రం మొత్తం ఆ మూడు రంగుల్లో తియ్యడం మాత్రం ‘బెకీ షార్ప్’తోనే మొదలు. మన తెలుగులో పూర్తి రంగుల చిత్రం ‘లవకుశ’ వచ్చింది 1963లో. అంటే వాళ్ళ తరవాత ఇరవై ఎనిమిదేళ్ళకి.

ఆ మూడు రంగులు ఎలా పడతాయో తెలుసా? మన పెడనలో బట్టల మీద అద్దకం ఎప్పుడైనా చూసి ఉంటే ఇట్టే బోధపడుతుంది. అక్కడ ఒక్కొక్క రంగుకి ఒక్కొక్క అచ్చు వేరే ఉంటుంది. ఒకటి అద్ది, దాని మీద సరిగ్గా చూసుకుని రెండోది అద్దుతారు. వెంట్రుకవాసి పక్కకి జరిగినా పువ్వు ఒకచోట, రంగు ఒకచోట పడుతుంది. ఇదీ అలాంటిదే. కెమెరాలో పడిన వెలుగుని ఒక గాజు పట్టకం చీలుస్తుంది. లోపల మూడు ఫిల్ములు కదులుతూ ఉంటాయి. మూడూ నలుపు తెలుపు ఫిల్ములే. ఒకదాని మీద ఎరుపు పాలు, ఒకదాని మీద ఆకుపచ్చ పాలు, ఒకదాని మీద నీలం పాలు పడతాయి. తరవాత ఆ మూడింటి నుంచీ మూడు అచ్చులు తయారుచేసి, వాటికి రంగులు పట్టించి, ఒకే ఫిల్ము మీద ఒకదాని తరవాత ఒకటి అద్దుతారు. ఆ కెమెరాకి వెలుగు చాలా కావాలి. పెద్దపెద్ద దీపాల కింద, ఒంటి నిండా పట్టుబట్టలతో, ఆ వేడిలో నటించడం ఎంత కష్టమో ఎండాకాలం పెళ్ళిపీటల మీద కూర్చున్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

సినిమా తీసింది పయనీర్ పిక్చర్స్ అనే కొత్త కంపెనీ. దాని వెనక ఉన్నది విట్నీ అనే సంపన్న కుటుంబానికి చెందిన అన్నదమ్ముల పిల్లలు ఇద్దరు. రంగుల పొందిక చూడడానికి నాటక రంగంలో పేరున్న రాబర్ట్ ఎడ్మండ్ జోన్స్‌ని పిలిపించారు. మొదట దర్శకుడు లోవెల్ షెర్మన్. షూటింగు మొదలయ్యాక 1934 డిసెంబరులో ఆయన న్యుమోనియాతో పోయాడు. తరవాత రూబెన్ మమూలియన్ వచ్చి, అంతదాకా తీసినది పక్కనబెట్టి, మళ్ళీ మొదటినుంచి తీశాడు. బెకీగా వేసిన మిరియం హాప్కిన్స్‌కి ఆ ఏడాది ఉత్తమ నటి ఆస్కారుకి నామినేషన్ వచ్చింది. బహుమతి మాత్రం బెట్టీ డేవిస్‌కి వెళ్ళింది.

ఈ సినిమాలో అందరూ చెప్పుకునే దృశ్యం ఒకటుంది. 1815 జూన్ 15 రాత్రి. బ్రస్సెల్స్ పట్టణంలో రిచ్మండ్ డచెస్ ఇచ్చిన విందు, నాట్యం. ఇది కల్పన కాదు, చరిత్రలో నిజంగా జరిగిన విందే. అటు నెపోలియన్ సైన్యం దగ్గరికి వచ్చేస్తోంది. ఇటు ఇంగ్లీషు దొరలూ దొరసానులూ పూలు తురుముకుని నాట్యం చేస్తున్నారు. సినిమాలో సరిగ్గా ఆ సమయానికి ఫిరంగుల మోత వినబడుతుంది. హాలంతా హాహాకారాలు. జనం పరుగులు. మమూలియన్ ఏం చేశాడంటే, ఆ పరుగెత్తే జనాన్ని బట్టల రంగుని బట్టి వరస కట్టాడు. మొదట ముదురు రంగులవాళ్ళు, తరవాత నీలం, ఆకుపచ్చ, పసుపు, నారింజ, అన్నిటికీ ఆఖర్న సైనికుల ఎర్రకోట్లు. తెర మీద ఎరుపు కమ్ముకుంటుంటే మనకి గుండె దడదడలాడుతుంది. నిజానికి యుద్ధం కబురు వస్తే ముందు పరుగెత్తాల్సినవాళ్ళు సైనికులే. ఆ సంగతి తనకీ తెలుసుననీ, అయినా రంగుల కోసం వాళ్ళని చివరికి ఉంచాననీ మమూలియన్ తరవాత చెప్పుకున్నాడు. ఆ రాత్రి అయిన మూడో రోజే వాటర్లూ యుద్ధం.

ఇంత చేసినా సినిమా డబ్బు పెద్దగా చేసుకోలేదు. రంగులు బ్రహ్మాండమన్నారు, కథ నడక బాగాలేదన్నారు. ఆపైన దానికి పట్టిన గతి చూడండి. 1943లో దాన్ని కత్తిరించి, చవకరకం రెండు రంగుల పద్ధతిలో మళ్ళీ విడుదల చేశారు. ఆ తరవాత చాలా ఏళ్ళు టీవీలో నలుపు తెలుపుల్లోనే వచ్చింది. రంగుల కోసం పుట్టిన సినిమాకి రంగే లేకుండా పోయింది! చివరికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారి చిత్ర భాండాగారంవాళ్ళు ముక్కలు ముక్కలుగా దొరికినవి ఏరి కూర్చి, 1984లో మళ్ళీ రంగుల్లో చూపించారు.

ఇక కథ. ఇది సినిమావాళ్ళ సొంతం కాదు. విలియం మేక్‌పీస్ థాకరే రాసిన ‘వానిటీ ఫెయిర్’ నవల దీనికి మూలం. మన మాటల్లో ‘డాంబికాల తిరనాళ్ళ’ అనుకోవచ్చు. 1847 జనవరి నుంచి 1848 జులై దాకా నెలనెలా భాగాలుగా వెలువడింది. మనం వారపత్రికలో సీరియల్ కోసం కాచుకున్నట్టే, అప్పటి ఇంగ్లీషు ఆడవాళ్ళు బెకీ ఈ నెల ఏం చేసిందో అని కాచుకునేవారన్నమాట. 1899లో లాంగ్డన్ మిచెల్ దాన్ని నాటకంగా రాశాడు. సినిమా ఆ నాటకం మీదుగా వచ్చింది.

థాకరేకీ మన దేశానికీ పుట్టుక సంబంధం ఉంది. ఆయన 1811లో కలకత్తాలో పుట్టాడు. తండ్రి ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగి, కలెక్టరు. పిల్లాడికి నాలుగేళ్ళప్పుడే తండ్రి పోయాడు. ఐదేళ్ళ వయసులో తల్లిని ఇక్కడే విడిచి, చదువు కోసం ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళాడు. దోవలో సెయింట్ హెలీనా ద్వీపం దగ్గర ఓడ ఆగినప్పుడు, అక్కడ ఖైదులో ఉన్న నెపోలియన్‌ని చూశానని తరవాత ఆయనే రాసుకున్నాడు. పెద్దయ్యాక తండ్రి సంపాదించిన ఆస్తి చేతికొచ్చింది. కొంత జూదంలో పోయింది, చాలామటుకు కలకత్తాలో డబ్బు దాచిన కంపెనీలు దివాలా తియ్యడంతో పోయింది. అంచేత డబ్బున్నప్పుడు మనుషులు ఎలా పలకరిస్తారో, లేనప్పుడు ఎలా తప్పుకుంటారో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కథలోకి వద్దాం. లండను దగ్గర చిజిక్‌లో మిస్ పింకర్టన్ అనే ఆవిడ ఆడపిల్లల బడి నడుపుతోంది. అందులోంచి ఇద్దరు స్నేహితురాళ్ళు ఒకే రోజు బయటికి వస్తారు. ఒకతె అమీలియా, షేర్ల వ్యాపారి సెడ్లీ కూతురు. మెత్తని మనిషి, కళ్ళలో నీళ్ళు సిద్ధంగా ఉంటాయి. రెండో అమ్మాయి రెబెకా షార్ప్, మన బెకీ. తండ్రి బొమ్మలు గీయడం నేర్పే పేద మేష్టారు, తల్లి ఫ్రెంచి నాట్యకత్తె. ఇద్దరూ పోయారు. పిల్లలకి ఫ్రెంచి మాట్లాడ్డం నేర్పినందుకు ఆ బడిలో ఆమెకి తిండీ, చదువూ. బడి విడిచిపోతూ ఇచ్చిన నిఘంటువుని బెకీ బండి కిటికీలోంచి వెనక్కి విసిరేస్తుంది. ఆ పుస్తకం ఎంత విలువైనదైతేనేం, ఇచ్చిన చేతులు ఎన్నేళ్ళు చిన్నచూపు చూశాయో ఆమెకి తెలుసు.

ఇప్పుడు ఒక్క క్షణం ఆగి, ఆ రోజుల్లో అలాంటి పిల్లకి ఏ దారులున్నాయో చూద్దాం. ఉద్యోగం అంటే ఒక్కటే. గొప్పింట్లో ఉంటూ పిల్లలకి చదువు చెప్పే గవర్నెస్ పని. ఆ పంతులమ్మ అటు యజమానుల పంక్తిలోదీ కాదు, ఇటు నౌకర్ల పంక్తిలోదీ కాదు. రెండో దారి పెళ్ళి. పెళ్ళికి డబ్బు కావాలి, సంబంధాలు చూసే తల్లి కావాలి. బెకీకి రెండూ లేవు. పోనీ పెళ్ళయితే చేతికి డబ్బొస్తుందా అంటే అదీ లేదు. అప్పటి ఇంగ్లండు చట్టం ప్రకారం పెళ్ళయిన ఆడదాని సొమ్ము మొగుడిదే. ఆమె సంపాదన ఆమెదే అని చట్టం ఒప్పుకున్నది 1870లో. ఆస్తి మీద పూర్తి హక్కు ఇచ్చింది 1882లో. మగవాళ్ళ లోకం మాత్రం ఏం బాగుంది కనక? సైన్యంలో ఆఫీసరు పదవి కూడా డబ్బు పెట్టి కొనుక్కునేవారు. 1871లోగాని ఆ పద్ధతి పోలేదు. పైకి వంశం, మర్యాద అంటారు గాని లోపల అంతా కొనుగోలు, అమ్మకాలే. బెకీ చేసినదల్లా ఆ సంతలో తన దగ్గరున్న సరుకు తనే అమ్ముకోవడం.

మొదటి గురి అమీలియా అన్న జోసెఫ్ మీద. ఆయన మన దేశంలో కంపెనీవారి కలెక్టరు. బెంగాల్లో బోగ్లీ వాలా అనే ఊరు, థాకరే కల్పించిన పేరు. లావుపాటి మనిషి, తిండిపోతు, ఆడవాళ్ళంటే బెదురు. ఆయన్ని మెప్పించాలని బెకీ నాకూ మీ ఇండియా వంటలంటే ఇష్టమని కారం కూర నోట్లో పెట్టుకుంటుంది. నోరు భగ్గుమంటుంది. అప్పుడు జోసెఫ్ ‘చిల్లీ’ తినమంటాడు. వాళ్ళ భాషలో ఆ మాట చల్లనిది అన్నట్టు వినబడుతుంది. పాపం, చల్లబడుతుందనుకుని పచ్చిమిరపకాయ కొరుకుతుంది! నవలలో ఈ ఘట్టం చదువుతుంటే ఏ తెలుగింటి ఇల్లాలికైనా నవ్వు ఆగదు. అంత కష్టపడ్డా ఆ సంబంధం కుదరలేదు. జోసెఫ్ భయపడి పారిపోయాడు.

తరవాత క్రాలీ అనే జమీందారు ఇంట్లో గవర్నెస్‌గా చేరింది. ఆ ఇంటికి మిస్ క్రాలీ అని డెబ్భై వేల పౌండ్ల ఆస్తి ఉన్న పెళ్ళికాని ముసలావిడ ఒకావిడ ఉంది. చుట్టాలందరి చూపూ ఆవిడ వీలునామా మీదే. ఆవిడకి ముద్దుల మేనల్లుడు రాడన్, సైన్యంలో ఆఫీసరు, జూదగాడు. బెకీ గుట్టుగా రాడన్‌ని పెళ్ళిచేసుకుంది. చేసుకున్నాక తమాషా చూడండి. రాడన్ తండ్రి, ముసలి జమీందారు, భార్య పోగానే వచ్చి బెకీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నన్ను పెళ్ళాడమంటాడు. ఒక్క నెల ఓపిక పడితే జమీందారిణి అయ్యేది. బెకీ అప్పుడు ఏడుస్తుంది. ఆమె కార్చిన కన్నీళ్ళలో అవి నిజమైనవని థాకరే చమత్కారం. ఈ పెళ్ళి సంగతి తెలిసి మిస్ క్రాలీ మండిపడింది. రాడన్‌కి రావలసిన ఆస్తి రాడన్ అన్న పాలయింది.

అంటే లెక్క ఏమయింది? మొగుడికి ఆస్తి లేదు. జీతం చాలదు. పెళ్ళానికి పుట్టింటివాళ్ళే లేరు. అయినా వీళ్ళిద్దరూ మొదట పారిస్‌లోనూ, తరవాత లండనులో పెద్దవాళ్ళుండే కర్జన్ వీధిలోనూ బండీ, నౌకర్లూ, విందులూ పెట్టుకుని దర్జాగా బతికారు. ఏటా రాబడి ఏమీ లేకుండా గొప్పగా బతకడం ఎలాగో నవలలో థాకరే విడమర్చి చెబుతాడు. నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైన భాగం అదే.

ఆ విద్యలో మొదటి పాఠం, మంచి వీధిలో ఇల్లు. ఆ వీధి పేరు చెబితే చాలు, కొట్టువాడు నోరెత్తకుండా అరువిస్తాడు. రెండోది, రాబోయే ఆస్తి గురించిన పుకారు. మిస్ క్రాలీ డబ్బు ఎప్పటికైనా రాడన్‌కే అని నలుగురూ అనుకుంటే చాలు. మూడోది, గొప్పవాళ్ళ రాకపోకలు. లార్డు స్టెయిన్ అంతటి ప్రభువు బండి వాకిట్లో ఆగిన ఇంటికి బాకీ అడగడానికి ఎవడికి నోరొస్తుంది? నాలుగోది, పాత అప్పుల బేరం. రాడన్ పాత అప్పులవాళ్ళ దగ్గరికి బెకీ పారిస్ నుంచి స్వయంగా వెళ్ళింది. ఇప్పుడు ఇచ్చింది పుచ్చుకోండి, లేకపోతే అదీ రాదని నచ్చజెప్పింది. పదిహేను వందల పౌండ్లు ఇచ్చి, దానికి పదింతలకి పైగా ఉన్న అప్పు తీర్చేసింది! ఆ తెలివి ఏ వ్యాపారంలో పెట్టినా రాణించేదే. ఆ రోజుల్లో ఆడదానికి వ్యాపారం ఎవరు పెట్టనిచ్చారు?

రాజుగారి దర్బారుకి వెళ్ళిన రోజు ఆమె కట్టుకున్న జరీ బట్ట, లేసు చూసి అందరూ నివ్వెరపోయారు. అవి కొన్నవి కావు. అత్తింటివారి పాత బంగళా సర్దుతున్నప్పుడు పెట్టెల్లో దొరికితే మెల్లిగా తెచ్చి కుట్టించుకున్నవి. ఒంటిమీద వజ్రాలు మొగుడికి తెలియకుండా ఇతరులు ఇచ్చినవి. పైన పటారం, లోన లొటారం అంటామే, అదన్నమాట.

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకి వస్తాను. ఈ ఖర్చంతా ఎవరు పెట్టుకున్నారు?

ఆ కర్జన్ వీధి ఇంటి యజమాని పేరు రాగిల్స్. ఆయన ఒకప్పుడు మిస్ క్రాలీ దగ్గరే నౌకరు. కడుపు కట్టుకుని కూడబెట్టి, కూరలూ పాలూ అమ్మే చిన్న కొట్టు పెట్టాడు. దాని మీద కొంత, అప్పు మీద కొంత పెట్టి ఆ ఇల్లు కొన్నాడు. క్రాలీ కుటుంబమంటే ఆయనకి దేవుడిమీద ఉన్నంత గురి. అంచేత రాడన్ దొరగారికి ఇల్లు అద్దెకివ్వడమే గొప్ప అనుకున్నాడు. ఏళ్ళు గడిచాయి, అద్దె రాలేదు. కూరలూ, మాంసమూ కూడా ఆయన దగ్గరినుంచే వెళ్ళాయి. వాటి డబ్బూ రాలేదు. ఇంటిమీద ఆయన చేసిన అప్పుకి మాత్రం వడ్డీ ఆగలేదు. చివరికి ఆయనే అప్పుల పాలై జైలుకి వెళ్ళాడు. పెళ్ళాం, పిల్లలు వీధిన పడ్డారు. బెకీ ఇంట్లో విందు తిన్న ప్రభువులకి ఆ సంగతి తెలియదు. వాళ్ళు తిన్న కూర రాగిల్స్ పిల్లల నోటి దగ్గరిది.

ఇంకొకావిడ బ్రిగ్స్. మిస్ క్రాలీకి తోడుగా ఉండి సేవచేసిన నోరులేని మనిషి. ముసలితనానికని దాచుకున్న కాస్త సొమ్మూ బెకీ అప్పుగా పుచ్చుకుంది. బ్రిగ్స్ బాకీ తీర్చాలని చెప్పి బెకీ లార్డు స్టెయిన్ దగ్గర వెయ్యి పౌండ్ల పైచిలుకు రాబట్టింది. ఆ బాకీ తీర్చిందా? లేదు. వెయ్యి పౌండ్ల నోటు బల్ల సొరుగులో దాచుకుంది.

ఆ నోటే ఆమె కొంప ముంచింది. రాడన్‌ని అప్పులవాళ్ళు పట్టించి నిర్బంధంలో పెట్టారు. డబ్బు పంపి విడిపించమని పెళ్ళానికి రాశాడు. ఒంట్లో బాగులేదు, ప్రయత్నం చేస్తున్నానని ఆమె జవాబు. చివరికి తోడికోడలు జేన్ డబ్బు కట్టి మరిదిని విడిపించింది. రాడన్ రాత్రివేళ ఇంటికి నడిచి వచ్చేసరికి దీపాలన్నీ వెలుగుతున్నాయి. బెకీ వజ్రాలు పెట్టుకుని పాడుతోంది. ఎదురుగా లార్డు స్టెయిన్. రాడన్ ఆయన్ని కొట్టి, బెకీ సొరుగులు వెతికాడు. వెయ్యి పౌండ్ల నోటు దొరికింది. తనని విడిపించడానికి ఇందులో వంద ఇచ్చి ఉండచ్చుగా అన్నదే ఆ మొగుడి గుండెకోత. జూదగాడే, చదువురానివాడే, కాని ఆ ఇంట్లో ఆమెని నమ్మిన మనిషి ఆయనొక్కడే. ఆ రాత్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. నేను తప్పేమీ చెయ్యలేదని బెకీ అంటుంది. నిజమో కాదో థాకరే తేల్చి చెప్పడు. మర్నాడు పొద్దున్న నౌకర్లు జీతాల కోసం, రాగిల్స్ అద్దె కోసం ఆ హాల్లోకి వచ్చి నిలబడ్డారు. అప్పుడుగాని ఆ ఇంటి అసలు పద్దు బయటపడలేదు.

సినిమాలో ఈ పై మెట్లన్నీ ఉన్నాయి. పింకర్టన్ బడి, జోసెఫ్, రాడన్, బ్రస్సెల్స్ విందు, స్టెయిన్, ఆ రాత్రి పతనం, అన్నీ రంగుల్లో కళ్ళు జిగేల్మనేలా ఉన్నాయి. మిరియం హాప్కిన్స్ ఒక్క క్షణం నవ్వి, ఒక్క క్షణం ఏడ్చి, మరు క్షణం అద్దంలో తన ఏడుపు ఎలా ఉందో చూసుకునే మనిషిలా నటిస్తుంది. కాని 84 నిమిషాల సినిమాలో రాగిల్స్ లాంటివాళ్ళ గోడుకి అంత చోటు దొరకదు. పట్టుబట్ట మెరుపు చూపించడానికి వచ్చిన సినిమా అది, బట్ట కొట్టువాడి బాకీ చూపించడానికి కాదు. అంచేత సినిమా చూసినవాళ్ళు నవల కూడా చదివితే బాగుంటుంది. ఒకటి మెట్లు ఎలా మెరిశాయో చూపిస్తుంది. రెండోది ఆ మెట్ల కింద ఎవరి వీపులున్నాయో చూపిస్తుంది.

ఇందులో మన వీపులు కూడా ఉన్నాయి. జోసెఫ్ ఇంగ్లండు తీసుకెళ్ళిన డబ్బు ఎక్కడిది? కలెక్టరు అంటే అప్పుడు శిస్తు వసూలు చేసే దొర. రైతు కట్టిన పన్నులోంచే ఆయన జీతం, ఆయన శాలువలు, ఆయన విందులు. అమీలియాని మనసులో పెట్టుకున్న డాబిన్ కూడా నవలలో తన పటాలంతో మద్రాసులో ఏళ్ళ తరబడి ఉంటాడు. మద్రాసు అప్పుడు మన తెలుగు జిల్లాలకి కూడా రాజధాని. లండను పైఅంతస్తు అనే మేడ పునాది ఎంత దూరం దాకా ఉందో చూడండి.

2004లో మన దేశపు దర్శకురాలు మీరా నాయర్ ఈ నవలని మళ్ళీ సినిమాగా తీసింది. రీస్ విదర్స్పూన్ బెకీగా వేసింది. దాని ముగింపులో బెకీ జోసెఫ్‌తో కలిసి మన దేశానికి వచ్చి ఏనుగు ఎక్కుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నవలలో అలా లేదు. అందులో బెకీ విదేశాల్లో తిరిగి తిరిగి, మళ్ళీ జోసెఫ్‌ని పట్టుకుంటుంది. అతను ప్రాణానికి ఇన్సూరెన్సు చేయించి, కొన్నాళ్ళకి చనిపోతాడు. ఎలా పోయాడన్నది థాకరే అనుమానంగానే వదిలేశాడు. చివర్లో బెకీ చర్చికి వెళ్ళే పెద్దమనిషిలా, దానధర్మాల సంతల్లో కొట్టు పెట్టి కూర్చునే ఇల్లాలిలా కనిపిస్తుంది. సంఘం ఆమెని ఓడించలేదు, లోపలికి రానిచ్చింది. కాస్త డబ్బు, కాస్త భక్తి కనబడితే చాలు, ఆ సంఘానికి ఇంకేం అక్కర్లేదని థాకరే వెక్కిరింత.

మరి బెకీ మంచిదా, చెడ్డదా? ఈ ప్రశ్న మా వాళ్ళింట్లో కూడా వచ్చింది. మా అత్తగారు చెడ్డదన్నారు. మా పెద్దమ్మాయి, ఆ పరిస్థితిలో నువ్వయితే ఏం చేసేదానివమ్మా అంది. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. బెకీకి తలుపులు మూసినవాళ్ళు ఉన్నారు. వంశం, ఆస్తి, సిఫారసు లేని పిల్లకి తెలివి ఎంతున్నా ఆ సంఘం ఇచ్చింది గవర్నెస్ కుర్చీ ఒక్కటే. తలుపు మూస్తే కిటికీ ఎక్కుతారు, అందులో వింత లేదు. అమీలియాలా ఏడుస్తూ కూర్చోనందుకు బెకీని నేను తప్పుపట్టను. పైగా చివర్న అమీలియా కళ్ళు తెరిపించింది కూడా బెకీయే. చచ్చిపోయిన మొగుణ్ణి దేవుడిలా కొలుస్తూ డాబిన్‌ని దూరంగా పెట్టిన అమీలియాకి, ఆ మొగుడే బ్రస్సెల్స్ విందులో తనతో లేచిపొమ్మని రాసిన చీటీ తీసి చూపించింది. ఆమె చేసిన మంచిపనుల్లో అది పెద్దది.

కాని ఆమె తప్పు ఎక్కడుందంటే నేను స్టెయిన్ పేరు చెప్పను, రాగిల్స్ పేరు చెబుతాను. స్టెయిన్ ఇచ్చిన డబ్బు ఆయనకి లెక్కలోది కాదు. తనని చిన్నచూపు చూసిన దొరసానుల్ని బోల్తా కొట్టించిందంటే నవ్వుకోవచ్చు. కాని రాగిల్స్, బ్రిగ్స్ ఆమెని ఎప్పుడూ చిన్నచూపు చూడలేదు. వాళ్ళు ఆమె పుట్టిన పక్కనే పుట్టినవాళ్ళు, ఆమెలాగే ఒక్కొక్క మెట్టూ కష్టపడి ఎక్కుతున్నవాళ్ళు. తను ఎక్కడం కోసం ఆమె తోసేసింది పైవాళ్ళని కాదు, పక్కవాళ్ళని. దొరల ఇళ్ళకి ఏ నష్టమూ రాలేదు. చిన్న కొట్టు మూతపడింది.

అప్పుచేసి పప్పుకూడు అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ సామెత తినేవాళ్ళ గురించే చెబుతుంది గాని, అప్పిచ్చి పస్తున్నవాళ్ళ గురించి చెప్పదు. ఎక్కడైనా ఒక ఇంటి దర్జా చూసి మనం అబ్బురపడినప్పుడు, ఆ ఇంటి పాలవాడి ఖాతా, పనిమనిషి జీతం, దర్జీ మజూరీ సరిగ్గా ముడుతున్నాయో లేదో కనుక్కుంటే ఆ దర్జా ఎత్తు ఎంతో తెలిసిపోతుంది. మీకు ఎక్కడైనా ‘బెకీ షార్ప్’ దొరికితే తప్పకుండా చూడండి. ఆ విందులో ఎర్రకోట్లు పరుగెత్తే దృశ్యం చూసి మురిసిపోండి. ఆ తరవాత కర్జన్ వీధి ఇంట్లో దీపాలన్నీ వెలుగుతున్నప్పుడు, ఆ నూనె ఎవరి కొట్టులోంచి అరువు వచ్చిందో కాస్త తలుచుకోండి.